మాస్టారిని అడగండి: ఇంతకీ దేవుడున్నాడా, లేడా?

పోయిన నెల ఇదే శీర్షికలో గ్రహణం టైంలో అన్నం తినొచ్చా అని ఒకావిడ అడిగితే ఎంచక్కా తినండమ్మా, నేనైతే బొమ్మిడాయిల పులుసుతో తిన్నాను అని రాశానండి. అంతే. ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ కట్టలు కట్టలు వచ్చి పడ్డాయి. సగం మంది తిట్టారు, సగం మంది శభాష్ మాస్టారూ అన్నారు, చిత్రం ఏంటంటే తిట్టినోళ్ళూ మెచ్చుకున్నోళ్ళూ కూడా చివరికొచ్చేసరికి ఇంతకీ దేవుడున్నాడా లేడా అని ఒకటే అడిగారు. సరే, ఈ నెల పేజీ మొత్తం దానికే. ఇంట్లో గొడవలౌతాయి పేర్లు వెయ్యద్దన్నారు గనక ఊళ్ళు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న (కొత్తపేట నుంచి ఇంజనీరింగ్ చదివే కుర్రాడు): మాస్టారూ, సంక్రాంతికి ఇంటికొచ్చి మా మామ్మతో మాటామాటా పెంచుకున్నాను. దేవుడు లేడు మామ్మా అన్నాను. లోకంలో ఇంతమంది నమ్ముతుంటే అందరూ పిచ్చోళ్ళూ, నువ్వొక్కడివే తెలివైనోడివా అంది. నిజంగా ఎంతమంది నమ్ముతారు? అంతమంది నమ్మితే ఉన్నట్టేనా? పైగా కొబ్బరికాయలో నీళ్ళు ఎవరు పోశారో చెప్పు అని అడిగింది, నాకు వెంటనే జవాబు రాలేదు.

జవాబు: ముందు లెక్క చూద్దాం బాబూ. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అని ఉంది, వాళ్ళు 2019 చివర్లో మొదలెట్టి 2020 మొదట్లో దాకా మన దేశంలో దగ్గర దగ్గర 30 వేల మందిని ఎదురుగా కూర్చోబెట్టి 17 భాషల్లో అడిగి, 2021లో ఆ రిపోర్టు బయటపెట్టారు. నూటికి 97 మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. మొత్తం మీద నూటికి 80 మంది దాకా అసలు అనుమానమే లేదు, ఖచ్చితంగా ఉన్నాడన్నారు. కాబట్టి మన దేశం వరకూ లెక్కలో మీ మామ్మ నెగ్గినట్టే. ప్రపంచానికొస్తే బొమ్మ వేరేలా ఉంటుంది. అదే సంస్థ చెప్పిన 2020 నాటి లెక్కలో క్రైస్తవులు 230 కోట్లు, ముస్లింలు 200 కోట్లు, ఆ తర్వాత మూడో స్థానం ఎవరిదనుకున్నావు, మాకు ఏ మతమూ లేదు అన్నవాళ్ళది, 190 కోట్లు, అంటే నూటికి 24 మంది. మన హిందువులు 120 కోట్లు, వాళ్ళ వెనకే. అయితే మతం లేదన్న ప్రతివాడూ దేవుడు లేడన్నట్టు కాదు, చైనాలో మాకే మతమూ లేదంటూనే పెద్దల సమాధుల దగ్గర అగరొత్తులు వెలిగిస్తారు.

ఈ లెక్కలు ఎలా తయారవుతాయో కూడా చెప్పాలి, ఎందుకంటే నేను అందులో చెయ్యి పెట్టినోణ్ణే. 1991లోనూ 2001లోనూ జనాభా లెక్కలకి మా స్కూలు మాస్టర్లందర్నీ ఎన్యూమరేటర్లుగా వేశారు. సంచిలో ఫారాలు, చేతిలో అట్ట, ఫిబ్రవరి ఎండ. నిజం ఒప్పుకుంటే తప్పేముంది, చాలా ఇళ్ళల్లో మతం ఏంటని నేను అడగలేదండి, పెరట్లో తులసికోట కనపడితే చాలు గళ్ళో నింపేసి ముందుకెళ్ళిపోయాను. ఒక పెద్దాయన, పాత కమ్యూనిస్టు, వరండాలో పేపరు చదువుకుంటున్నాడు, ఆయన్ని మాత్రం భయం కొద్దీ అడిగాను. పేపరు దించకుండానే "ఏదోటి రాసుకోవయ్యా, మా ఆవిడ్ని అడుగు" అన్నాడు. ఆవిడ లోపల్నుంచి హిందూ అని అరిచింది, అదే రాశాను. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద నాస్తికులమని రాయించుకున్నవాళ్ళు 33 వేల పైచిలుకు, మతం చెప్పని వాళ్ళు 28 లక్షల 67 వేలు. నూట ఇరవై కోట్ల దేశంలో 33 వేలేంటి అని నువ్వు ఆశ్చర్యపోతే, మా పెద్దాయన లాంటోళ్ళు ఏ గళ్ళో కూర్చున్నారో ఆలోచించు. అలాగే 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో ఎస్సీ హోదా ముందు హిందువులకే ఇచ్చి, తర్వాత 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ కలిపారు గానీ క్రైస్తవులకి ఇవ్వలేదు, అందుకని కాగితం మీద ఒక మతం, ఆదివారం పొద్దున ఇంకో మతం అయిన కుటుంబాలు మన డెల్టాలో పేటపేటకీ ఉన్నాయి. నరసాపురం పాలకొల్లు వైపు గోదావరి డెల్టా మిషన్ అనే క్రైస్తవ మిషనరీలు 1830ల్లోనే వచ్చారు, దగ్గర దగ్గర రెండొందల ఏళ్ళ సంగతి, అదంతా ఒక గళ్ళో ఎలా ఇముడుద్ది.

ఇక అంతమంది నమ్మితే ఉన్నట్టేనా అన్నావు. ఒకసారి వరదల్లో, రేడియోలో మూడో ప్రమాద హెచ్చరిక చెప్పిన రాత్రి, ధవళేశ్వరం బ్యారేజీ తెగిపోయిందని మా ఊళ్ళో పుకారు లేచింది. ఎవరు మొదలెట్టారో ఇప్పటికీ తెలీదు. ట్రంకు పెట్టెలు, మేకలు, పక్షవాతం వచ్చిన ముసలాయన్ని మడత మంచంతో సహా, మొత్తం ఊరు ఊరంతా ఏటిగట్టు ఎక్కేసింది. నేనూ ఎక్కాను. ఆ రాత్రి ప్యూ వాళ్ళు వచ్చి అడిగితే నూటికి నూరు మందిమి తెగిపోయిందనే చెప్పేవాళ్ళం. తెల్లారి చూస్తే బ్యారేజీ బ్యారేజీలానే ఉంది. అలాగని మూల ఒక్కడు కూర్చుని లేదు లేదు అన్నంత మాత్రాన ఆ ఒక్కడిదీ నిజం అయిపోదు బాబూ, అది నీకు. ఎంతమంది అన్నదీ, ఉందా లేదా అన్నదీ రెండు వేరు వేరు ప్రశ్నలు, నువ్వూ మామ్మా ఒకదానికి ఇంకోదాంతో జవాబు చెప్పుకుంటున్నారు.

కొబ్బరినీళ్ళకి మాత్రం జవాబు ఉంది. విత్తనం లోపల మొలకకి తిండిగా చెట్టే తయారుచేసే పదార్థం అది, వరిగింజలో ఆ తిండి పిండిగా ఉంటే కొబ్బరిలో ముందు నీళ్ళలా ఉండి, కాయ ముదిరేకొద్దీ చిప్పకి మీగడలా అంటుకుని కొబ్బరి అవుద్ది. లేత బొండంలో నీళ్ళెక్కువ కొబ్బరి తక్కువ అందుకే. ఇది చెప్పు మామ్మకి. చెప్పాక ఆవిడ ఏమంటుందో కూడా నాకు తెలుసు, "ఆ ఏర్పాటు ఎవరు చేశార్రా" అంటుంది. అక్కడికి మీ ఇద్దరూ వెయ్యేళ్ళ నాటి గొడవలోకి వచ్చి పడ్డట్టే. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే కదా, లోకం ఉంది కాబట్టి చేసినవాడూ ఉండాలి అని న్యాయ దర్శనం, అంటే తర్కం వాళ్ళు, ఉదయనుడు లాంటి పండితులు వాదించారు. కుమ్మరికి చేతులున్నాయి, మన్ను ముందే ఉంది, నీ దేవుడికి చేతులేవి మన్నేది అని మీమాంసకులు తగులుకున్నారు. వీళ్ళెవరూ నాస్తికులు కారు, యజ్ఞాలు చేయించే వాళ్ళు! నా మటుకు నేను ముప్పై మూడేళ్ళు సైన్సు చెప్పాను, ఏ పాఠంలోనూ ఇక్కడ దేవుడు లేకపోతే లెక్క కుదరదు అనే చోటు తగల్లేదు. లేడని నిరూపించావా అంటే లేదు, చెయ్యలేను కూడా.

అసలు సంగతి ఇంకోటుంది. మన తెలుగులో నమ్మడం ఒక మాట, నమ్ముకోవడం ఇంకో మాట. నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయంటే నమ్ముతాం. రెండెకరాలు నమ్ముకుని బతుకుతున్నాం అంటాం. లంకలో ఉండేవాడు గోదారి ఉందా లేదా అని ఆలోచించడు, దాన్ని నమ్ముకుంటాడు, అది వరదొచ్చి గోడలు కూల్చేసినా నీళ్ళు తీశాక మళ్ళీ అక్కడే నిట్రాళ్ళు పాతుకుంటాడు. సర్వేలోళ్ళు అడిగేది నమ్ముతారా అని. మీ మామ్మలాంటోళ్ళు జవాబు చెప్పేది నమ్ముకున్నాం అని. నువ్వు ఆవిడతో మొదటిదాని మీద వాదించావు, ఆవిడకి తగిలింది రెండోదాని మీద. వెళ్ళి ఓ పూట ఆవిడ దగ్గర కూర్చో, ఏం నమ్ముకుందో, ఎప్పట్నించి నమ్ముకుందో అడుగు. తాతగారు పోయిన సంగతులు వస్తాయి చూడు.

ప్రశ్న (భీమవరం దగ్గర రొయ్యల రైతు): సీడు వేసే ముందు చెరువు గట్టు మీద పూజ చేయించి, మావుళ్ళమ్మకి చీర పెట్టి, అన్నీ సక్రమంగానే చేశాం మాస్టారూ. నలభై రోజులకి వైట్ స్పాట్ వచ్చి మొత్తం పోయింది. దేవుడు లేడనుకోమంటారా?

జవాబు: దేవుడి సంగతి తర్వాత, వైరస్ మాత్రం ఉందండి. సీడు హేచరీ నుంచి తెచ్చేముందు వైరస్ ఉందో లేదో చూసే పిసిఆర్ టెస్టు చేయించారా? పక్క చెరువులో తెగులొచ్చాక కాకులూ కొంగలూ ఆ చచ్చిన రొయ్య తెచ్చి మీ చెరువులో వెయ్యకుండా పైన దారాలు లాగారా? పీతలు పాక్కుంటూ రాకుండా గట్టు చుట్టూ కంచె ఉందా? ఈ మూడూ చేసి కూడా పోయిందంటే అది ఖర్మ, చెయ్యకుండా పోయిందంటే ఖర్చు మిగుల్చుకోబోయి పోగొట్టుకున్నట్టు. అమ్మవారికి చీర పెట్టడం మానమని నేను అనను, మీ ఇష్టం. కానీ నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ ఆగిపోయి తెల్లారుజామున రొయ్యలు తలలు పైకెత్తితే అమ్మవారు వచ్చి జనరేటర్ వెయ్యదు కదండీ, మీ కుర్రాడు లేవాలి.

ప్రశ్న (పాలకొల్లు నుంచి ఒక గృహిణి): మా ఆడపడుచు ముప్ఫై మూడు కోట్ల దేవతలంటుంది, మా అబ్బాయి కోటి అంటే రకం అని ఫోన్లో చదివానంటాడు, మా పక్కింటి చర్చి వాళ్ళు ఒక్కడే అంటారు. అసలు ఎంతమంది మాస్టారూ?

జవాబు: తల్లీ, నీ ప్రశ్న ఉపనిషత్తులో ఉంది, అతిశయోక్తి కాదు. బృహదారణ్యకంలో జనకుడి సభలో శాకల్యుడు అనే ఆయన యాజ్ఞవల్క్యుణ్ణి సరిగ్గా ఇదే అడుగుతాడు, దేవతలెంతమంది అని. 3306 మంది అంటాడు. సరే, అసలెంతమంది? 33. అసలెంతమంది? 6. ఇంకా నొక్కితే 3, తర్వాత 2, తర్వాత ఒకటిన్నర, ఆఖరికి ఒకటి. ఒకటిన్నర అన్నది నాకు భలే ఇష్టం, అది వీచే గాలి అంటాడు. ఆ ఒక్కటీ ఎవరంటే ప్రాణం అంటాడు. మధ్యలో ఆ 33 లెక్క కూడా విప్పి చెప్తాడు, వసువులు 8 మంది, రుద్రులు 11, ఆదిత్యులు 12, ఇంద్రుడూ ప్రజాపతీ. కోటికి సంస్కృతంలో రకం, తరగతి అనే అర్థం ఉన్నమాట నిజమే, మీ అబ్బాయి పూర్తిగా తప్పు కాదు, అలాగని మన పెద్దాళ్ళు ముప్ఫై మూడు కోట్లు అన్నప్పుడల్లా ముప్ఫై మూడు రకాలు అనే ఉద్దేశంతో అన్నారంటే నేను ఒప్పుకోను, వాళ్ళు లెక్కలేనంత మంది అనే అన్నారు. ఆ సభలో శాకల్యుడు ఇంకా ఇంకా లాగి చివరికి ఎదురు ప్రశ్నకి జవాబు చెప్పలేక తల రాలి కింద పడిందట, కాబట్టి మీ ఆడపడుచుతో ఒకటి దగ్గర ఆపెయ్యండి.

ప్యూ వాళ్ళు ఇదీ అడిగారు. హిందువుల్లో నూటికి 61 మంది దేవుడొక్కడే, రూపాలు చాలా అన్నారు, 29 మంది ఒక్కడే అని ఊరుకున్నారు, చాలామంది దేవుళ్ళున్నారన్నది 7 గురే. అంటే ముప్ఫై మూడు కోట్ల దేశం అని మనల్ని అందరూ అంటారు గానీ, అడిగితే మనవాళ్ళు యాజ్ఞవల్క్యుడి ఆఖరి జవాబే చెప్తున్నారు. కానీ కనుమ నాడు మన కోనసీమలో జగ్గన్నతోటకి వచ్చి చూడండి. పదకొండు ఊళ్ళ శివుళ్ళు పదకొండు ప్రభల మీద ఏకాదశ రుద్రులుగా అక్కడ కలుస్తారు, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలవలో పీకల్లోతు దిగి అవతలి ఒడ్డుకి ఎక్కుతాయి, ఎదిగిన చేలు తొక్కుకుంటూ వెళ్తే రైతు ఏమీ అనడు, పైగా మా చేలోంచి వెళ్ళాయని చెప్పుకుంటాడు. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం అదే. అక్కడ మోసేవాళ్ళని ఆపి శివుడొక్కడేనా పదకొండు మందా అని అడగండి, ఒక్కడే అంటారు, "మరి మీ ఊరి శివుడు?" అంటే మా శివుడు వేరండీ ఆయ్, అంటారు. రెండూ నిజంగానే అంటారు.

ప్రశ్న (భీమవరం): మా గునుపూడి సోమారామం గుళ్ళో లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి ముదురు రంగులోకి మారుతుంది. సైన్స్ ఓడిపోయినట్టే కదా?

జవాబు: ఒకే చోట నిలబడి, ఒకే ఫోనుతో, లోపల దీపాలు ఒకేలా ఉన్నప్పుడు, పక్కన తెల్లకాగితం పెట్టి నెల్లాళ్ళు రోజూ ఫొటో తియ్యండి. గర్భగుళ్ళో ఫొటో తియ్యనివ్వరు అంటారా, అయితే పరీక్షే పెట్టలేదన్నమాట, పరీక్ష పెట్టకుండా ఫెయిల్ ఎలా చేస్తారు? గునుపూడి గుడి మాత్రం కార్తీకంలో ఓసారి చూడండి, కోనేరు పక్కన కూర్చుంటే లేవబుద్ధి కాదు.

ప్రశ్న (రావులపాలెం): దేవుడు లేడనడం ఇంగ్లీషు చదువులతో వచ్చిన జబ్బు. మన పూర్వీకుల్లో ఈ పాడుబుద్ధి లేదు. మీరేమంటారు?

జవాబు: పాడుబుద్ధో మంచిబుద్ధో గానీ మనదే బాబూ. దేవుడూ పరలోకం లేవన్న లోకాయతులు, చార్వాకులు ఎక్కణ్ణుంచో దిగుమతి కాలేదు. సాంఖ్య దర్శనంలో ఈశ్వరుడి అవసరం లేకుండానే సృష్టి నడుస్తుంది. రామాయణంలో జాబాలి రాముడి ఎదురుగానే పరలోకం లేదు, ఇంటికి పద, రాజ్యం చేసుకో అన్నాడు, రాముడికి కోపం వచ్చింది, అది వేరే సంగతి. ఋగ్వేదం పదో మండలంలో నాసదీయ సూక్తం ఉంది, ఈ సృష్టి ఎక్కణ్ణుంచి వచ్చిందో పైనున్న అధ్యక్షుడికి తెలుసేమో, ఆయనకి కూడా తెలీదేమో అని ముగుస్తుంది. వేదంలో ఇంత ధైర్యం ఉంటే మనకెందుకండీ భయం. అంతదూరం ఎందుకు, మామిడికుదురు పక్కన ఆదుర్రు వెళ్ళండి, కొబ్బరితోటల మధ్య వైనతేయ గోదారి పక్కన బౌద్ధుల మహాస్తూపం దిబ్బ ఉంది, అశోకుడి కూతురు సంఘమిత్ర శ్రీలంకకి వెళ్తూ శంకుస్థాపన చేసిందని అక్కడోళ్ళు చెప్పుకుంటారు. సృష్టికర్త ఊసు లేకుండా మతం నడిపినవాళ్ళు మన కోనసీమ మట్టిలో బతికారు. ఇవాళ్టికీ ఆ సర్వేలో మన దేశం బౌద్ధుల్లో మూడో వంతు మంది దేవుణ్ణి నమ్మం అన్నారు.

ప్రశ్న (తణుకు నుంచి రిటైరైన బ్యాంకు ఉద్యోగి): దేవుడంటే భయం పోతే మనిషి ఏ వెధవపనికైనా తెగిస్తాడు. నాస్తికుడికి నీతి ఎక్కణ్ణుంచి వస్తుంది?

జవాబు: గుళ్ళో హుండీకి ఇంతలేసి తాళాలు వేసి పైన సీసీ కెమెరా పెట్టేది నాస్తికుల కోసం కాదు కదండీ, నాస్తికుడు గుడికే రాడాయె. మీరు బ్యాంకులో పనిచేశారు, మీకు నేను చెప్పేదేముంది.

గోరాగారి సంగతి విన్నారా, గోపరాజు రామచంద్రరావు గారు, 1902లో పుట్టారు. కాకినాడ పీఆర్ కాలేజీలో బోటనీ చెప్పేవారు. దేవుడి మీద తన అభిప్రాయాలు దాచుకోనందుకు 1933లో ఆ ఉద్యోగం పోయింది. అంతకుముందే జంధ్యం తీసేసినందుకు ఇంట్లోంచి బయటికి రావాల్సొచ్చింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో విజయవాడకి మార్చారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టుకున్నారు. అంటరానితనం పోవాలని ఆయనా, ఆయన భార్య సరస్వతీ గోరాగారూ చేసిన పని చూసి గాంధీగారు సేవాగ్రాం పిలిపించుకుని మరీ మాట్లాడారు. పొద్దున లేస్తే రామనామం అనే ఆయనకీ, రాముడే లేడనే ఈయనకీ ఎలా కుదిరిందంటారు? ఇద్దరికీ ముందు మాలపల్లి కనపడింది, దేవుడు తర్వాత.

ఇటువైపు నమ్మినవాళ్ళని చూడండి. కాటన్ దొర పరమ భక్తుడైన క్రైస్తవుడు. నందన కరువులో మనుషులు రాలిపోయిన నేల ఇది, ఆయన 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. ఇవాళ మన పంతుళ్ళు గోదారి స్నానం సంకల్పంలో ఆయన్ని భగీరథుడంటూ శ్లోకం చెప్తారు, ఊరూరా విగ్రహాలకి దండలేస్తారు, పాపం ఆయన బతికుండి చూస్తే విగ్రహారాధన అని కంగారు పడేవాడేమో. లంకలగన్నవరం డొక్కా సీతమ్మగారు అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరి, దారిలో ఆకలితో ఉన్న వాళ్ళెవరో సీతమ్మగారింటికి వెళ్తే అన్నం దొరుకుద్ది అనుకోవడం చెవినపడి, పల్లకీ వెనక్కి తిప్పించేసిందని చెప్పుకుంటాం. దేవుడి దగ్గరికి వెళ్ళే పల్లకీ అది. ఆ రోజు ఆవిడ భక్తురాలిగా వెనక్కి తిరిగిందా, మనిషిగా తిరిగిందా అంటే నేను చెప్పలేనండి, పిల్లలకి అన్నం కలిపి పెట్టే చెయ్యి అలా ఆలోచించదు.

ప్రశ్న (పెద్దాపురం వైపు ఊళ్ళో ఏఎన్ఎమ్, అంటే ఇల్లిల్లూ తిరిగే నర్సు): పిల్లలకి ఆటలమ్మ వస్తే అమ్మవారు పోసిందని నన్ను ఇంట్లోకి రానివ్వరు సార్. వేపమండలు కట్టి కూర్చుంటారు. ఈ నమ్మకాలు ఎప్పటికి పోతాయి?

జవాబు: పోవు తల్లీ, మారతాయి. పెద్దమ్మవారు, అదే మశూచి, మన దేశంలో ఆఖరి కేసు 1975లో, 1980కల్లా ప్రపంచంలోనే లేదని డబ్ల్యూహెచ్ఓ ప్రకటించేసింది. టీకాతో పోయింది. జబ్బు తెచ్చేది, తీసుకెళ్ళేది ఆవిడే అని గదా పెద్దాపురం అమ్మవారు మరిడమ్మని కొలిచారు, మరి జబ్బే పోయాక జాతర ఆగాలి కదా. ఆగిందా? ఆషాఢంలో పెద్దాపురంలో ఇసకేస్తే రాలదు. నేను మొదట్లో దీన్ని మూఢత్వం అనుకునేవాణ్ణి, ఇప్పుడు అలా అనిపించట్లేదు, పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడపిల్లలు పుట్టింటికి రావడానికి ఆవిడే దారి చూపిస్తోంది మరి. నువ్వు మాత్రం గుమ్మం దగ్గర వాదన పెట్టుకోకు. వేపాకు ఉండనివ్వండమ్మా, అమ్మవారికి చల్లదనం కావాలి కదా, పిల్లాడికి నీళ్ళు బాగా తాగించండి, గోళ్ళు కత్తిరించండి, జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వండి, ఆస్పిరిన్ మాత్రం వద్దు, ఆయాసం వచ్చినా మగతగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి అని చెప్పు. నీ మాట వింటారు.

ప్రశ్న (అమలాపురం): అందరికీ చెప్తున్నారు గానీ, మీరు నమ్ముతారా? దాటెయ్యకండి.

జవాబు: నేను నమ్మనండి. నమ్మను అనే అనుకుంటున్నాను.

1996 నవంబరు 6 రాత్రి నాకు బాగా గుర్తు. మా ఇల్లు సముద్రానికి దగ్గర్లోనే, మట్టిగోడల పెంకుటిల్లు. సాయంత్రం నుంచే గాలి, చీకటి పడ్డాక పెంకులు ఒక్కోటీ కాదు, వరసలు వరసలుగా లేచిపోవడం మొదలైంది. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ, పక్కింటి వాళ్ళు ఏడుగురు, అందరం ధాన్యం గాదె పక్కన నక్కి కూర్చున్నాం. నేను సైన్సు మాస్టార్ని కదా, పిల్లలకి ధైర్యం చెప్పాలని, తుఫాను కన్ను దాటాక గాలి ఆగినట్టు ఆగి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది, అప్పుడు బయటికి వెళ్ళకూడదు అని అరిచి చెప్తున్నాను. అంతా కరెక్టే. ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదు, ఆ హోరులో. వినపడింది మా అమ్మ గొంతొకటే. ఆవిడ దణ్ణం పెట్టట్లేదండి, తిడుతోంది. అంతర్వేది స్వామిని, పేరు పెట్టి, ఇక్కడ రాయలేని మాటలతో. నీ కళ్ళు మూసుకుపోయాయా, నీకు పెళ్ళి చేసేది మేం కాదా, ఏటేటా రథం లాగించుకుని ఇదా నువ్వు చేసేది, రేపు పొద్దున నీ మొహం ఎవడు చూస్తాడో చూస్తాను అని. తెల్లవార్లూ. పక్కింటి చిన్నపిల్ల భయం మర్చిపోయి ఆవిడ మొహంలోకే చూస్తూ పడుకుంది.

ఆ ఒక్క రాత్రికి తీరంలో వెయ్యి మందికి పైగా పోయారు. బైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళిన వాళ్ళ కోసం ఇళ్ళల్లో రోజుల తరబడి చూశారు. పొద్దున బయటికి వస్తే మా తోటలో ఒక్క చెట్టు నిలబడి లేదు, అన్నీ ఒకే వైపుకి దువ్వినట్టు పడున్నాయి. మా అమ్మ ఆ పడ్డ చెట్ల మధ్యకి వెళ్ళి ఒక కాయ ఏరుకొచ్చింది. పీచు ఒలవడానికి ఏమీ దొరక్క విరిగిన తలుపు చెక్కకి వేసి కొట్టింది. దేవుడి గూడు ఉండే గోడ పడిపోయింది కదా, ఆ మట్టికుప్ప ముందు రెండు చిప్పలూ పెట్టి "ఇదిగో, తిని చావు" అంది. తర్వాత కూర్చుని ఏడ్చింది.

ఆవిడ పోయి పదిహేనేళ్ళు దాటింది. నేను గుడికి వెళ్ళను, ఇంట్లో పూజంతా మా ఆవిడే. కానీ ఇప్పటికీ వాయుగుండం అని టీవీలో చెప్పి, రాత్రి కిటికీ రెక్కలు కొట్టుకోవడం మొదలెడితే, నాకు నిద్ర పట్టక వరండాలోకి వచ్చి నిలబడి మా అమ్మ మాటలే అంటూ ఉంటాను, అచ్చం ఆవిడ యాసలోనే. లోపల్నుంచి మా ఆవిడ ఎవర్నండీ ఆ తిట్టడం అని అడుగుద్ది. ఎవర్నీ కాదు, పడుకో అంటాను.